టెయిలింగ్ పాండ్ అడుగున బంకమట్టి: పరీక్షించింది ఏ నీటితో?

సంపాదకులకు,

నమస్కారం. కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం గురించి, ముఖ్యంగా దాని వ్యర్థాలను నిలవ చేసే టెయిలింగ్ పాండ్ గురించి, ఏళ్ల తరబడి పత్రికల్లో వార్తలు వస్తున్నాయి. చుట్టుపక్కల రైతులు బోరు నీరు పాడైందనీ తోటలు దెబ్బతిన్నాయనీ ఫిర్యాదు చేయడం, 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ కర్మాగారాన్ని నడిపే ప్రభుత్వ రంగ సంస్థ యురేనియం కార్పొరేషన్‌కు నోటీసు ఇవ్వడం, ఆ తరువాత నిపుణుల పరిశీలనలు జరగడం పాఠకులకు తెలిసిన సంగతులే. ఈ వాదోపవాదాలన్నీ చివరికి ఒకచోటే తిరుగుతున్నాయి. పాండ్ అడుగున వేసిన పొర అనుమతి షరతులకు తగినట్టు లేదని ఒక పక్షం అంటుంది. బంకమట్టితో తగిన పొర వేశామని మరొక పక్షం అంటుంది. ఇంజినీరింగ్ కళాశాలలో చాలాకాలం మట్టి పరీక్షల పాఠాలు చెప్పినవాడిగా నాకు ఈ రెండు మాటలూ అసంపూర్ణంగానే తోస్తున్నాయి. బంకమట్టి పొర ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. ఆ మట్టిని ఏ ద్రవంతో పరీక్షించారు, ఎక్కడ పరీక్షించారు, ఆ ఫలితాలు ఎక్కడ ఉన్నాయి అన్న ప్రశ్నలు ఎవరూ గట్టిగా అడగగా నేను చూడలేదు. అందుకే ఈ లేఖ.

ముందుగా ఆ పాండ్‌లో ఉండేదేమిటో చెప్పాలి. తుమ్మలపల్లె ఖనిజం సున్నపురాయి జాతికి చెందిన డోలమైట్ రాతిలో ఉంది. జార్ఖండ్‌లోని జాదుగూడలో చేసినట్టు సల్ఫ్యూరిక్ ఆమ్లంతో యురేనియాన్ని కరిగించబోతే ఆ ఆమ్లమంతా రాతితోనే చర్య జరిపి వృథా అవుతుంది. అందుచేత ఇక్కడ సోడియం కార్బొనేట్, సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో, వేడిలోనూ ఒత్తిడిలోనూ యురేనియాన్ని రాబట్టే క్షార పద్ధతిని ఎంచుకున్నారు. మన దేశంలో ఈ పద్ధతి వాడిన మొదటి కర్మాగారం ఇదే. రోజుకు 3,000 టన్నుల ఖనిజాన్ని శుద్ధి చేసే సామర్థ్యంతో దీన్ని కట్టారు. ఖనిజంలో యురేనియం పాలు అత్యల్పం కనుక, వందకు 99 పాళ్లకు మించిన రాయి మెత్తని పొడిగా మారి, నీటితో కలిసి బురదగా పాండ్‌కు చేరుతుంది. యురేనియాన్ని తీసేసినా దాని నుంచి పుట్టిన థోరియం, రేడియం వంటివి ఆ బురదలోనే మిగులుతాయి. ఖనిజంలో మొదట ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం వ్యర్థంతోనే వెళుతుందన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. బురదతో పాటు సోడియం, కార్బొనేట్, సల్ఫేట్ లవణాలు బాగా కలిసిన క్షార జలం కూడా ఉంటుంది. నేల కింద ముందుగా కదిలేది ఈ నీరే.

దీన్ని ఆపవలసినది అడుగున ఉన్న పొర. బంకమట్టి పొరకు సాధారణంగా పెట్టే ప్రమాణం, దాని పారగమ్యత, అంటే నీటిని తన గుండా దిగనిచ్చే గుణం, సెకనుకు సెంటీమీటరులో కోటోవంతుకు మించకూడదన్నది. వినడానికి ఇది శూన్యంతో సమానంగా అనిపిస్తుంది గానీ, లెక్క వేసి చూస్తే అభిప్రాయం మారుతుంది. అర మీటరు మందం ఉన్న బంకమట్టి పొర మీద 5 మీటర్ల లోతున నీరు నిలిచి ఉందనుకుందాం. మట్టి ఆ ప్రమాణానికి అచ్చంగా సరిపోయినప్పటికీ హెక్టారుకు రోజుకు సుమారు 9,500 లీటర్ల నీరు కిందికి దిగుతుంది. పారగమ్యత పది రెట్లు పెరిగితే అది 95,000 లీటర్లు. పది హెక్టార్ల విస్తీర్ణానికి రోజుకు తొమ్మిదిన్నర లక్షల లీటర్లు. పాండ్‌లో పేరుకునే మెత్తని బురద కూడా కొంత అడ్డుపడుతుంది కాబట్టి దీన్ని గరిష్ఠ అంచనాగానే తీసుకోవాలి. అయినా ఇందులో గమనించవలసినది ఒకటుంది. బంకమట్టి నీటిని పూర్తిగా ఆపదు, నెమ్మదింపజేస్తుంది. నెమ్మదింపు ఎంత అన్నది పూర్తిగా ఆ పారగమ్యత అంకె మీదే ఆధారపడి ఉంటుంది. అంకెలో ఒక సున్నా తేడా వస్తే ఫలితంలోనూ ఒక సున్నా తేడా వస్తుంది. కాబట్టి ఆ అంకె ఎలా వచ్చిందో అడిగే హక్కు దిగువన బావులున్న ప్రతివారికీ ఉంది.

ఇక అసలు విషయం. పారగమ్యతను ప్రయోగశాలలో మామూలుగా మంచినీటితో కొలుస్తారు. పాండ్‌లో ఉండేది మంచినీరు కాదు. మట్టి ప్రవర్తన దాన్ని తాకిన ద్రవాన్ని బట్టి మారుతుందన్నది సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థులు ప్రయోగశాలలో కళ్లారా చూసే సంగతి. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 2720లోని 40వ భాగం ప్రకారం మట్టి ఉబ్బే గుణాన్ని కొలవడానికి ఒక గాజు గొట్టంలో నీరు, మరొక గొట్టంలో కిరోసిన్ పోసి, రెండింటిలోనూ పదేసి గ్రాముల మట్టి వేసి 24 గంటలు వదిలేస్తారు. నల్లరేగడి మట్టి నీటిలో పొంగి పైకి వస్తుంది, కిరోసిన్‌లో కదలకుండా అడుగున పడి ఉంటుంది. మట్టి అదే, బరువూ అదే. మారింది ద్రవం మాత్రమే.

టెయిలింగ్ పాండ్‌లకు వాడే బెంటొనైట్ మట్టి విషయంలో ఇది మరింత నిజం. గుజరాత్‌లోని కచ్ నుంచి, రాజస్థాన్‌లోని బార్మేర్ నుంచి వచ్చే ఈ మట్టిని స్థానికంగా దొరికే మట్టిలో కొద్ది శాతం కలిపి పొరగా పరుస్తారు. దీని బలమంతా ఉబ్బడంలోనే ఉంది. రేకుల్లా ఉండే దాని కణాల మధ్యకు నీరు చేరి, కణాలు దూరంగా జరిగి, నీరు పారే సందులన్నీ పూడుకుపోతాయి. నీటిలో లవణాలు ఎక్కువైన కొద్దీ ఈ ఉబ్బడం తగ్గిపోతుంది, సందులు తెరుచుకుంటాయి, పారగమ్యత పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నది లవణాల రకాన్నీ గాఢతనూ బట్టి ఉంటుంది. కొన్ని సందర్భాల్లో అది అనేక రెట్లు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. సోడియం స్వతహాగా బంకమట్టికి శత్రువు కాదు. కొద్ది మోతాదులో అది కణాలను విడదీసి మట్టిని మరింత బిగువుగా చేస్తుంది. రాయలసీమ రైతులకు ఈ సంగతి చౌడు నేలల ద్వారా ఎప్పటి నుంచో తెలుసు: సోడియం పట్టిన చౌడు మీద వాన నీరు ఇంకక నిలిచిపోతుంది, జిప్సం వేస్తే గానీ దిగదు. తక్కువ నాణ్యత గల బెంటొనైట్‌ను మెరుగుపరచడానికి పరిశ్రమలో సోడియం కార్బొనేట్‌నే కలుపుతారు. అయితే మోతాదు మించినప్పుడు అదే లవణం కణాలను మళ్లీ దగ్గరకు చేర్చి ఉబ్బడాన్ని అణచివేస్తుంది. పాండ్‌లోని జలం మేలు చేసే మోతాదులో ఉందా, హద్దు దాటిందా అన్నది కాగితం మీద వాదించుకుంటే తేలదు. పైగా కడప ఎండల్లో కురిసే వాన కంటే ఆవిరయ్యే నీరే చాలా ఎక్కువ కనుక, పాండ్‌లో లవణాల గాఢత ఏ ఏటికాయేడు మారుతూ ఉంటుంది. చేయవలసిన పరీక్ష స్పష్టమే: పాండ్‌లోని జలాన్నే తెచ్చి, ఆ మట్టి నమూనా గుండా పంపి, అవతలికి వచ్చే నీటి రసాయన గుణం లోపలికి పంపిన నీటితో సమానమయ్యే దాకా కొనసాగించాలి. దీనికి నెలలు పడుతుంది. ఖర్చు మాత్రం కర్మాగారం పెట్టుబడి ముందు చెప్పుకోదగినది కాదు.

బంకమట్టిని సమర్థించేవారు ఇంకొక వాదన చేస్తారు: మట్టి నీటిని నెమ్మదింపజేయడమే కాక, లోహాలను తన కణాలకు అంటించుకుని వడపోస్తుందని. అనేక లోహాల విషయంలో ఇది నిజమే. బంకమట్టి కణాల మీద రుణావేశం ఉంటుంది కాబట్టి ధనావేశం గల లోహ అయాన్లు వాటికి అంటుకుంటాయి. రేడియానికి కూడా ఈ వాదన చాలావరకు వర్తిస్తుంది. కార్బొనేట్ నిండిన నీటిలో యురేనియం మాత్రం అలా ఉండదు. అది కార్బొనేట్‌తో జట్టుకట్టి రుణావేశం గల సమ్మేళనంగా, కాల్షియం కూడా తోడైతే ఏ ఆవేశమూ లేని సమ్మేళనంగా మారుతుంది; రెండింటినీ మట్టి గట్టిగా పట్టుకోదు. కర్మాగారంలో రాతి నుంచి యురేనియాన్ని విడదీయడానికి ఉపయోగపడిన రసాయన గుణమే పాండ్ అడుగున దాన్ని మట్టికి అంటకుండా కాపాడుతుందన్నమాట. ఆమ్ల పద్ధతి వాడిన చోటి అనుభవాన్ని తెచ్చి ఇక్కడ భరోసాగా చూపడం అందుకే సరికాదు.

ప్రయోగశాలలో అంతా సరిగా తేలిందనే అనుకుందాం. అరచేతిలో ఇమిడే నమూనాలో వచ్చిన అంకె హెక్టార్ల కొద్దీ నేల మీద కూడా వస్తుందన్న హామీ లేదు. 1984లో అమెరికాలోని టెక్సాస్‌లో డేవిడ్ డేనియల్ అనే ఆచార్యుడు బంకమట్టి పొరలు వేసినా కారిన చెరువులను పరిశీలించి, అక్కడి అసలు పారగమ్యత ప్రయోగశాల అంకెల కంటే పది నుంచి వెయ్యి రెట్ల దాకా ఎక్కువ ఉందని చూపారు. ఆ తరువాత ఈ రంగంలో పని పద్ధతులు మారడానికి ఆ పరిశీలన ఒక ముఖ్య కారణం. తేడా ఎందుకు వస్తుందో పని చేయించినవారెవరైనా చెప్పగలరు. మట్టి గడ్డలు పూర్తిగా చితకకపోతే వాటి మధ్య సందులు మిగులుతాయి. సుమారు 15 సెంటీమీటర్ల చొప్పున పలచని వరుసలుగా పరిచి, చుట్టూ మొనలు పొడుచుకు వచ్చిన గొర్రెకాళ్ల (షీప్స్ ఫుట్) రోలరుతో పిసికినట్టు తొక్కించాలి; ఒక వరుసకూ మరో వరుసకూ మధ్య అతుకు సరిగా కుదరకపోతే నీరు ఆ అతుకు వెంటే పరుగెత్తుతుంది. రోడ్డు పనికి బాగా గట్టిపడే తేమ కంటే ఇక్కడ కాస్త ఎక్కువ తేమ ఉన్నప్పుడే మట్టిని అదమాలి, అప్పుడే పారగమ్యత తగ్గుతుంది. రోడ్లు, కట్టలు వేయడానికి అలవాటుపడిన కాంట్రాక్టర్లు ఈ తేడాను పట్టించుకోకపోవడం కొత్తేమీ కాదు. కొండవాలు మీద రోలరు సరిగా నిలవదు కాబట్టి, లోయలో కట్టే ఏ పాండ్‌కైనా పక్కల మీద వేసిన పొర అడుగు పొర కంటే బలహీనంగా ఉండే అవకాశం ఎక్కువ.

ఎండ సంగతి విడిగా చెప్పాలి. ఉబ్బే గుణం ఎంత ఎక్కువ ఉంటే, ఎండినప్పుడు ఆ మట్టి అంతగా నెర్రెలు విచ్చుతుంది. వేసవిలో రేగడి చేను చూసినవారికి ఇది వివరించనక్కరలేదు. నలభై డిగ్రీలు దాటే ఎండలో, పరిచిన పొరను తడిగా కప్పి ఉంచకుండా కొద్ది రోజులు వదిలేసినా, పాండ్ నిండక ముందు పై అంచుల పొర నెలల తరబడి గాలికి, ఎండకు పడి ఉన్నా, పగుళ్లు వస్తాయి. మళ్లీ తడిసినప్పుడు బెంటొనైట్ ఉబ్బి పగుళ్లను పూడుస్తుందని చెబుతారు. మంచినీటితో తడిస్తే కొంతవరకు పూడుస్తుంది. లవణ జలంతో తడిస్తే పూడుస్తుందన్న నమ్మకం లేదు. ఇలాంటి సందేహాలను తీర్చడానికి నేల మీదే చేసే పరీక్ష ఉంది. పొరలో రెండు వలయాలను దిగగొట్టి, నీరు నింపి, వారాల తరబడి ఎంత ఇంకుతోందో కొలుస్తారు. అసలు పొర వేయడానికి ముందు అదే మట్టితో, అదే యంత్రాలతో ఒక నమూనా మడి వేసి దాని మీద ఈ పరీక్ష చేయడం మంచి పద్ధతి.

బంకమట్టి ఒక్కటే చాలా, దాని మీద ప్లాస్టిక్ పొర కూడా కావాలా అన్న వివాదానికి వస్తే, నా అభిప్రాయంలో ఇది వివాదంగా ఉండవలసిన విషయమే కాదు. ప్లాస్టిక్ పొర చెక్కుచెదరకుండా ఉన్నంత మేర నీరు దాదాపుగా దిగదు, కానీ ఎంత జాగ్రత్తగా వేసినా అతుకుల దగ్గర, రాళ్లు గుచ్చుకున్న చోట చిల్లులు పడతాయి. బంకమట్టి అంతటా కొద్దిగా కారుతుంది, కానీ చిల్లు పడదు. ఒకదాని మీద ఒకటి గట్టిగా ఆనుకుని ఉంటే చిల్లు పడిన చోట మాత్రమే నీరు మట్టిని తాకుతుంది, మట్టి దాన్ని అక్కడే నెమ్మదింపజేస్తుంది. ఈ తర్కాన్ని మన ప్రభుత్వం ఇప్పటికే అంగీకరించింది. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లో పట్టణాల చెత్తను పూడ్చే స్థలం అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి పొర, సెకనుకు సెంటీమీటరులో కోటోవంతుకు మించని పారగమ్యతతో ఉండాలని నిర్దేశించారు. దాని మీద 1.5 మిల్లీమీటర్ల మందం గల హెచ్‌డీపీఈ (దళసరి ప్లాస్టిక్) షీటు కూడా ఉండాలన్నారు. పురపాలక సంఘం చెత్తకు ఇంత అవసరమని రాసుకున్న దేశంలో, 1,600 ఏళ్లకు సగమయ్యే రేడియం ఉన్న బురదకు అంతకన్నా తక్కువ ఎందుకు చాలుతుందో ఎవరైనా వివరించాలి.

రెండు పొరలున్నా పని నాణ్యత లేకపోతే ఫలితం ఉండదని చెప్పడానికి అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో సమ్మిట్‌విల్ బంగారు గని ఉంది. చలికాలంలో హడావిడిగా వేసిన పొర మీద 1986లో సైనైడ్ ద్రావణం వదిలిన కొద్ది రోజులకే లీకు బయటపడింది. 1992 డిసెంబరులో కంపెనీ దివాలా తీసి వెళ్లిపోయింది, శుభ్రం చేసే భారం ప్రభుత్వం మీద పడింది. ఖర్చు 15 కోట్ల డాలర్లు దాటింది.

బావుల పరీక్షల గురించి కూడా రెండు మాటలు. కడప ప్రాంతపు రాళ్లలో యురేనియం సహజంగానే ఉంది కాబట్టి భూగర్భ జలంలోనూ కొంత ఉండవచ్చు. అందువల్ల ఒక బావిలో యురేనియం కనిపించినంత మాత్రాన అది పాండ్ నుంచే వచ్చిందని తీర్మానించలేము, సహజమైనదేనని తోసిపుచ్చనూలేము. లీటరు తాగునీటిలో 30 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, 60 మించరాదని మన అణుశక్తి నియంత్రణ మండలి చెబుతున్న హద్దుల మధ్య వాదన నడపడం వల్ల ఈ చిక్కు వీడదు. వీడాలంటే ఒక్క యురేనియాన్నే కాక సోడియం, సల్ఫేట్, క్షారతలను కూడా కలిపి చూడాలి. ఇవి పాండ్ జలంలో అధికంగా ఉంటాయి, సోడియం కొంత మినహా మట్టి వీటిని పెద్దగా పట్టుకోదు, కనుక లీకు ఉంటే ముందుగా బావులకు చేరేవి ఇవే. పాండ్‌కు ఎగువన ఉన్న బావుల్లో మారకుండా, దిగువన ఉన్న బావుల్లో మాత్రం ఇవి మూడూ ఏటేటా పెరుగుతూ ఉంటే కారణం వెతకనక్కరలేదు. పెరగకపోతే ఆ సంగతి కూడా కర్మాగారానికే మేలు చేస్తుంది. అరటి, చీనీ తోటల రైతుకు సైతం తక్షణం నష్టం చేసేది నీటిలోని యురేనియం కాదు, నేలను చౌడుగా మార్చే సోడియమే. పులివెందుల ప్రాంతంలో బోరు నీరు రాతి పగుళ్ల గుండా నడుస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో నీరు వేరువేరుగా ఉండవచ్చు కనుక, అధికారులు ఎంచుకున్న నాలుగైదు బావుల సగటు చూపించి ఊరుకుంటే సరిపోదు.

నేను కోరుతున్నది కర్మాగారాన్ని మూసివేయాలని కాదు, ఆ చర్చ వేరు. పాండ్ అడుగు పొర మందం, వాడిన మట్టి, బెంటొనైట్ పాలు, పని జరిగిన కాలంలో తీసుకున్న తేమ, సాంద్రత కొలతలు, ప్రయోగశాలలోనూ నేల మీదా చేసిన పారగమ్యత పరీక్షలు, వాటికి వాడిన ద్రవం పేరు — ఇవన్నీ సంస్థ దగ్గర ఉండి తీరాలి. ఉంటే వాటిని బయటపెట్టడానికి అణు రహస్యాల అడ్డంకి ఏదీ ఉండనక్కరలేదు. మట్టి పరీక్ష దేశ భద్రతకు సంబంధించినది కాదు. లేకపోతే, పాండ్ జలంతోనే ఆ మట్టి మీద ఇప్పుడైనా పరీక్ష చేయించి, సంస్థకూ ఉద్యమకారులకూ సంబంధం లేని ఏదైనా ఐఐటీ మట్టి ప్రయోగశాల చేత ఫలితం ప్రకటింపజేయాలి. సామర్థ్యం పెంచే ప్రతిపాదనలకు, కొత్త పాండ్‌లకు అనుమతి ఇచ్చేటప్పుడు ఇది ముందస్తు షరతు కావాలి. కర్నూలు జిల్లా జొన్నగిరిలో బంగారు గని వచ్చింది. బంగారాన్ని రాబట్టడంలో సైనైడ్ ప్రపంచమంతా వాడుకలో ఉన్నది కాబట్టి, అక్కడ ఏ పద్ధతి అనుసరించినా, వ్యర్థ జలం నిలిపే చోటు అడుగు పొర గురించి ఇవే వివరాలు అక్కడి గ్రామాలకు ముందుగానే అందాలి.

బావుల పరీక్షా ఫలితాలను మూడు నెలలకొకసారి, బావి వారీగా, ఎగువ దిగువలు విడదీసి, తెలుగులో రాసి వేముల మండల కార్యాలయం గోడ మీద అంటించమని కాలుష్య నియంత్రణ మండలిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు,
ప్రొద్దుటూరు